మీకు తెలుసా? పండగపూట నవ్వించబోయి తిట్లు తిన్న సినిమాలు

క్రిస్మస్ సినిమా అనగానే మంచు, చెట్టు, రంగు దీపాలు, చివర్లో అందరూ కలిసి భోజనం. అదే పండగపూట ఓ శవాన్నో, దొంగనో, తాగుబోతు శాంటానో తెరమీదికి తెచ్చి నవ్వించబోతే జనం ఊరుకుంటారా? ఊరుకోలేదు. కొందరు గొడవకు దిగారు, కొందరు పోస్టర్లు అంటించనివ్వలేదు. ఏళ్ళు గడిచాక వాటిలో చాలా సినిమాలు పండగ ఆచారాలైపోయాయి. డార్క్ కామెడీ మీద మొదటి ఆట తీర్పు ఎంత తేలిగ్గా తిరగబడుతుందో చెప్పే కబుర్లివి.

అమ్మానాన్నలకు కోపమొస్తే కొత్త సర్టిఫికెట్!

1984 జూన్ 8న అమెరికాలో 'గ్రెమ్లిన్స్' విడుదలైంది. ముద్దొచ్చే బొచ్చుబొమ్మ కథ కాబోలనుకుని తల్లిదండ్రులు చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. క్రిస్మస్ కానుకగా ఇంటికొచ్చిన గిజ్మో అనే ఆ జీవికి నీళ్ళు తగిలితే పిల్లలు పుట్టుకొస్తాయి. ఆ పిల్లలు అర్ధరాత్రి దాటాక తిండి తింటే రాక్షసులైపోతాయి. అక్కణ్ణుంచి వంటింట్లో యుద్ధం. ఇల్లాలు ఒకదాన్ని మిక్సీలో తిప్పేస్తుంది, ఇంకోదాన్ని కత్తితో పొడుస్తుంది, మరోదాన్ని మైక్రోవేవ్‌లోకి నెట్టి తలుపు మూసేస్తుంది. అది లోపలే పేలిపోతుంది. పెద్దవాళ్ళు పగలబడి నవ్వారు. పక్కసీట్లో పిల్లలు బిక్కచచ్చిపోయారు.

అంతకు రెండు వారాల ముందే 'ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్' వచ్చింది. అందులో మన అమ్రీష్ పురి మనిషి గుండెను చేత్తో పెకలిస్తాడు. రెండింటికీ ఇచ్చింది, పెద్దలు తోడుంటే పిల్లలూ చూడొచ్చనే 'పీజీ' సర్టిఫికెట్టే. రెండింటి వెనకా ఉన్నది స్టీవెన్ స్పీల్‌బర్గే. ఫిర్యాదులు ముమ్మరం కావడంతో పీజీకీ పెద్దల సినిమాకీ నడుమ ఇంకో మెట్టు ఉండాలని ఆయనే సెన్సార్ వ్యవహారాలు చూసే సంఘం పెద్ద జాక్ వాలెంటికి సలహా ఇచ్చాడు. ఆ జూలై 1 నుంచే 'పీజీ-13' అమల్లోకి వచ్చింది. ఆ ముద్రతో హాళ్ళకు వచ్చిన మొదటి సినిమా ఆగస్టులో విడుదలైన 'రెడ్ డాన్'. మన దేశంలో 'యూఏ'ను 7+, 13+, 16+ అని విడదీసింది మాత్రం 2024 నిబంధనల్లోనే.

స్పీల్‌బర్గ్‌కే నచ్చని సీను

అదే 'గ్రెమ్లిన్స్'లో కథానాయిక ఫీబీ కేట్స్ తనకు క్రిస్మస్ అంటే ఎందుకు గిట్టదో చెబుతుంది. చిన్నప్పుడు పండగ ముందురోజు ఇంటికి రావలసిన నాన్న రాలేదు. రోజులు గడిచాయి. చలికి మంట వేద్దామని చూస్తే పొగగొట్టంలోంచి వాసన. పిల్లిదో పక్షిదో శవం ఉందనుకుని ఫైర్ సిబ్బందిని పిలిస్తే, వాళ్ళు బయటికి లాగింది నాన్నని. శాంటా వేషంలో చేతినిండా కానుకలతో పొగగొట్టంలోంచి దిగి కూతుర్ని ఆశ్చర్యపరుద్దామనుకుని, జారి మెడ విరిగి చనిపోయాడు. ఆ అమ్మాయి ఇదంతా కళ్ళు చెమర్చుతూ, చాలా నిదానంగా చెబుతుంది.

ఇది నవ్వాల్సిన సీనా ఏడవాల్సిన సీనా అని స్టూడియో తల పట్టుకుంది, తీసేయమంది. స్పీల్‌బర్గ్‌కూ ఆ సీను నచ్చలేదు. కానీ సినిమా దర్శకుడిదని ఊరుకున్నాడు. దర్శకుడు జో డాంటే పట్టుబట్టి ఉంచాడు. ఏది ఎటూ తేలకపోవడమే సినిమా మొత్తానికి ప్రాణమన్నది ఆయన వాదన. ఇప్పుడు ఆ సినిమా గురించి మాట్లాడేవాళ్ళు ముందుగా ఎత్తేది ఆ సీనే. 1990లో వచ్చిన రెండో భాగంలో డాంటే తన సీనును తనే వెక్కిరించుకున్నాడు కూడా.

అన్నట్టు, ఈ రక్తపాతం కథ రాసిన క్రిస్ కొలంబసే 1990లో 'హోమ్ అలోన్'కు దర్శకుడు!

అందరికన్నా అల్లరి ప్రేక్షకులు తెరమీదే ఉన్నారు

హాల్లో ప్రేక్షకులు ఎలా ఉండకూడదో కూడా 'గ్రెమ్లిన్స్'లోనే చూడొచ్చు. ఊరంతా ధ్వంసం చేసిన రాక్షస మూక ఓ సినిమా హాలు ఆక్రమిస్తుంది. పాప్‌కార్న్ విసురుకుంటూ, సీట్లు చింపుకుంటూ గోల చేస్తుంది. తెరమీద డిస్నీవారి 'స్నోవైట్' మొదలవగానే మాత్రం చంటిపిల్లల్లా మైమరచి పాటకు గొంతు కలుపుతుంది. మొదటిరోజు మొదటి ఆటకు వెళ్ళే అలవాటున్న మనవాళ్ళకు ఆ హాలు కొత్తగా ఏమీ అనిపించదు.

పండగ డిసెంబరులో, విడుదల వేసవిలో

క్రిస్మస్ సినిమాను క్రిస్మస్‌కే విడుదల చేయాలని రూలేం లేదు. 'గ్రెమ్లిన్స్' జూన్‌లో వచ్చింది. ఎడీ మర్ఫీ నటించిన 'ట్రేడింగ్ ప్లేసెస్' అంతకుముందు ఏడాది సరిగ్గా అదే తేదీన, అంటే 1983 జూన్ 8న వచ్చింది. ఫ్రెంచివారి 'ల పేర్ నొయెల్ ఏత్ ఉన్ ఒర్ద్యూర్' 1982 ఆగస్టులో విడుదలైంది. క్రిస్మస్ ముందురోజు ఓ కాట్లాడుకునే మొగుడూపెళ్ళాల ఇంట్లో దూరి ఇరుక్కుపోయిన దొంగ కథ 'ది రెఫ్' 1994 మార్చిలో వచ్చింది. ఎండలు ముదిరే వేళ మంచు సినిమా ఎవరు చూస్తారు? 'ది రెఫ్' హాళ్ళలో నిలబడలేదు. తర్వాత వీడియో క్యాసెట్లూ, టీవీలూ దాన్ని డిసెంబరుకు చేర్చాకే అభిమానులు పుట్టుకొచ్చారు.

మెట్రో రైలు వద్దన్న పోస్టర్

పైన చెప్పిన ఫ్రెంచి సినిమా పేరే క్రిస్మస్ తాతను చెత్త వెధవ అని తిడుతుంది. ఆ పేరు చూసి పారిస్ మెట్రో సంస్థ తన స్టేషన్లలో పోస్టర్లు పెట్టనివ్వలేదు. స్ప్లెండిడ్ అనే కుర్ర నటుల బృందం 1979లో ఆడిన నాటకాన్ని జాన్ మరీ ప్వారే సినిమాగా తీశాడు.

కథ జరిగేది క్రిస్మస్ ముందురాత్రి, దిక్కులేనివాళ్ళకు ఫోన్లో ధైర్యం చెప్పే ఓ చిన్న ఆఫీసులో. అక్కడ పనిచేసేవాళ్ళిద్దరికీ అవతలివాళ్ళ కష్టం పట్టదు, తమ మర్యాద చెడకుండా ఉంటే చాలు. శాంటా వేషంలో ఉన్న తాగుబోతు గర్భిణి అయిన తన ప్రియురాలిని తరుముకుంటూ వస్తాడు. పొరుగింటాయన చేతితో చుట్టిన ఏవో వింత మిఠాయిలు తెచ్చి బలవంతంగా తినిపిస్తాడు. ఆఫీసు పెద్దావిడ లిఫ్టులో ఇరుక్కుపోతుంది. దాన్ని బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ తుపాకీ గుండు తగిలి చస్తాడు. శవాన్ని ముక్కలు చేసి, పండగ కానుకల్లా రంగు కాగితాల్లో చుట్టి, జంతుప్రదర్శనశాలలో మృగాలకు పడేస్తారు. ఇంత ఘోరాన్నీ ఒక్కరూ గొంతు పెంచకుండా, 'దయచేసి', 'క్షమించాలి' అనుకుంటూ చేయడంలోనే నవ్వంతా ఉంది.

హాళ్ళలో దాదాపు 16 లక్షల టికెట్లు తెగాయి. పర్వాలేదు గానీ బ్రహ్మాండమేమీ కాదు. అసలు పేరు టీవీతో వచ్చింది. ఏళ్ళ తరబడి డిసెంబరులో వేసి వేసి, ఫ్రాన్సులో రెండు తరాలకు అందులోని మాటలు నోటికొచ్చేశాయి. మనవాళ్ళు జంధ్యాల సినిమాల్లో మాటలు అప్పజెప్పుకున్నట్టు వాళ్ళు వీటిని అప్పజెప్పుకుంటారు.

హాలీవుడ్ ఊరుకుంటుందా? 1994లో నోరా ఎఫ్రాన్ దర్శకత్వంలో స్టీవ్ మార్టిన్‌తో 'మిక్స్‌డ్ నట్స్' పేరుతో తీశారు. అంతకు ముందేడాదే 'స్లీప్‌లెస్ ఇన్ సియాటిల్'తో హిట్టు కొట్టిన ఎఫ్రాన్‌కు ఇది చేతులు కాల్చింది. కథ దాటింది గానీ ఆ విషం సముద్రం దాటలేదు.

ఇటలీ క్రిస్మస్‌కు అమెరికన్ శాంటా

'ట్రేడింగ్ ప్లేసెస్'లో డాన్ ఎక్‌రాయిడ్ ఓ కోటీశ్వరుడు. ఇద్దరు ముసలి వ్యాపారులు సరదా పందెం కాసి అతణ్ణి వీధిన పడేస్తారు. పండగరోజుల్లో మాసిన శాంటా వేషం వేసుకుని పాత ఆఫీసు విందులో చొరబడతాడు. ఓ పెద్ద సాల్మన్ చేపను కోటులో దాచుకుని, బస్సులో కూర్చుని, పెట్టుడు గడ్డం పీచుతో సహా నములుతాడు. ఆ తర్వాత వానలో కుక్క అతని కాలి మీద ఒంటేలు పోస్తుంది. తుపాకీ కణతకు పెట్టుకుంటాడు, అదీ పేలదు.

ఈ సినిమా అమెరికాలో హిట్టే గానీ, దీన్ని పండగ ఆచారం చేసింది ఇటలీవాళ్ళు. అక్కడ ఇటాలియా 1 ఛానెల్ ఏటా డిసెంబరు 24 రాత్రి దీన్ని వేస్తుంది. వెయ్యకపోతే పండగ రానట్టే లెక్క.

ఇంకో విశేషం. కథ చివర్లో నారింజ పంట గురించిన ప్రభుత్వ నివేదికను ముందే దొంగిలించి ఫ్యూచర్స్ మార్కెట్‌లో సొమ్ము చేసుకుంటారు. అప్పట్లో అలాంటి పనిని నిషేధించే నిబంధన అమెరికాలో లేదు. 2010 నాటి ఆర్థిక సంస్కరణల చట్టంలో ఆ లొసుగును పూడ్చారు. ఆ నిబంధనను అందరూ పిలిచే పేరు 'ఎడీ మర్ఫీ రూల్'.

నటుడికి హ్యాండ్‌బ్యాగు దెబ్బ

బిల్లీ వైల్డర్ తీసిన 'ది అపార్ట్‌మెంట్' 1960లో వచ్చింది. ప్రమోషన్ ఆశతో తన ఫ్లాటు తాళంచెవిని పై అధికారుల దొంగ సరసాలకు అప్పిచ్చే గుమాస్తా జాక్ లెమన్. అతను మనసు పడ్డ లిఫ్టు ఆపరేటర్ షర్లీ మెక్‌లైన్ అతని పెద్ద బాసు ప్రియురాలే. క్రిస్మస్ ముందురాత్రి ఆ బాసు ఆమెకు కానుక కొనే తీరిక లేక 100 డాలర్ల నోటు చేతిలో పెడతాడు. ఆమె అదే ఫ్లాటులో నిద్రమాత్రలు మింగుతుంది. ఇది హాస్యచిత్రమంటే నమ్ముతారా? ఆమె కోలుకుంటున్నప్పుడు గుమాస్తా టెన్నిస్ రాకెట్ మీద నూడుల్స్ లాంటి స్పగెట్టీని వార్చే సీను చూడండి, నమ్ముతారు.

బాసుగా చేసిన ఫ్రెడ్ మెక్‌ముర్రే అప్పటికే డిస్నీ పిల్లల సినిమాలో మంచి నాన్న. ఇలాంటి మురికి సినిమాలో ఎందుకు చేశావంటూ వీధిలో ఆడవాళ్ళు ఆయన్ను నిలదీశారు. ఒకావిడ హ్యాండ్‌బ్యాగుతో కొట్టిందట కూడా. విమర్శకుల్లోనూ కొందరు ముక్కు మూసుకున్నారు. ఆస్కార్‌వాళ్ళు మాత్రం ఉత్తమ చిత్రంతో కలిపి 5 బహుమతులిచ్చారు. మన హిందీ సినిమా 'లైఫ్ ఇన్ ఎ... మెట్రో'లో అప్పిచ్చిన ఫ్లాటు తాళంచెవి కథ ఇందులోంచి వచ్చిందే.

పేదవాడికి ఒక పూట భోజనం, బండికి కంతు

స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో రాజ్యమేలుతున్న రోజులు. 1961లో లూయిస్ గార్సియా బెర్లాంగా 'ప్లాసిదో' తీశాడు. ఓ చిన్న ఊళ్ళో కలిగినవాళ్ళంతా పండగరాత్రి ఒక్కో పేదవాణ్ణి తమ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాలని తీర్మానిస్తారు. వంటపాత్రల కంపెనీ ఖర్చు భరిస్తుంది. సినిమా తారల్ని రప్పిస్తారు, పేదల్ని వేలంపాట పాడినట్టు పంచుకుంటారు.

ఊరేగింపు కోసం వెనక పెద్ద నక్షత్రం కట్టిన మూడు చక్రాల ట్రాలీ బండి యజమానే ప్లాసిదో. ఆ బండి మొదటి కంతు ఆ రోజే కట్టాలి. కట్టకపోతే బండి పోతుంది. అందరి పుణ్యానికీ ఆ బండే తిరుగుతుంది గానీ అతని కంతు గురించి ఒక్కరూ పట్టించుకోరు. ఒక ఇంట్లో భోజనానికి వచ్చిన ముసలాయన ప్రాణం మీదికొస్తుంది. తమ ఇంట్లో పాపంలో పోకూడదని ఇంటివాళ్ళ బెంగ. పెళ్ళి కాకుండా అతనితో కలిసి బతుకుతున్న ఆవిడతో ఆ మంచం మీదే పెళ్ళి జరిపిస్తారు. శవాన్ని మోసుకెళ్ళేదీ ప్లాసిదో బండే.

పేదవాణ్ణి మీ బల్ల దగ్గర కూర్చోబెట్టండి అనే అర్థం వచ్చే పేరు పెడదామనుకుంటే సెన్సార్ ఒప్పుకోలేదు. అలా కథానాయకుడి పేరే సినిమా పేరైంది. సొంతదేశపు సెన్సార్‌కు కంటగింపైన ఈ సినిమా ఆస్కార్ విదేశీ చిత్రాల పోటీలో తుది జాబితాకు చేరింది. ట్రాలీ ఆటో ఫైనాన్సు కట్టే బాధ తెలిసిన మనకు ఇందులో సబ్‌టైటిల్ చదవాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

సినిమాను విడుదల చేయించిన విమర్శకులు

టెరీ గిలియమ్ తీసిన 'బ్రెజిల్' క్రిస్మస్ రోజుల్లో మొదలవుతుంది. ఓ ప్రభుత్వ ఆఫీసులో పురుగు చచ్చి టైపు యంత్రంలో పడుతుంది. టటిల్ అని అచ్చవ్వాల్సిన పేరు బటిల్ అని పడుతుంది. పండగ చెట్టు పక్కన భార్యాపిల్లలతో ఉన్న అమాయకుడు బటిల్‌ను పోలీసులు పైకప్పు కోసి దిగి, సంచీలో కట్టి పట్టుకుపోతారు. భార్య చేత రసీదు మీద సంతకం కూడా పెట్టించుకుంటారు!

ఐరోపాలో 142 నిమిషాల సినిమా యథాతథంగా ఆడింది. అమెరికాలో యూనివర్సల్ సంస్థ పెద్ద సిడ్ షైన్‌బర్గ్ మాత్రం విషాదాంతం జనానికి పట్టదన్నాడు. 94 నిమిషాలకు కోసి, ప్రేమ గెలిచిన ముగింపుతో ఇంకో సినిమా తయారుచేయించాడు. గిలియమ్ 'వెరైటీ' పత్రికలో ఒక పేజీ నిండా ప్రకటన వేయించి, నా సినిమా ఎప్పుడు విడుదల చేస్తారని షైన్‌బర్గ్‌ను పేరు పెట్టి అడిగాడు. విమర్శకులకు తన సినిమాను గుట్టుగా చూపించాడు. 1985 చివర్లో లాస్ ఏంజెలెస్ విమర్శకుల సంఘం అమెరికాలో ఇంకా హాలు మొహం చూడని ఆ సినిమానే ఆ ఏటి ఉత్తమ చిత్రమని ప్రకటించింది. దర్శకత్వం, స్క్రీన్‌ప్లే బహుమతులూ దానికే. ఇక యూనివర్సల్‌కు దారి లేకపోయింది. ఆ డిసెంబరులోనే 132 నిమిషాల సినిమా విడుదలైంది.

ఒకే విమర్శకుడు, రెండు తీర్పులు

అమెరికాలో రోజర్ ఈబర్ట్ మాటకు ఎంత విలువో సినిమావాళ్ళకు తెలుసు. బిల్ మరీ పిసినారి టీవీ అధికారిగా వేసిన 'స్క్రూజ్డ్' 1988లో వస్తే ఆయన ఒక్క నక్షత్రంతో సరిపెట్టాడు. సరదాగా ఉండాల్సిన సినిమా తనను ఇబ్బంది పెట్టిందన్నాడు. జనం మాత్రం దాన్ని నేటికీ డిసెంబరులో చూస్తూనే ఉన్నారు.

2003లో 'బ్యాడ్ శాంటా' వచ్చింది. షాపింగ్ మాల్‌లో శాంటాగా చేరి, పండగరాత్రి అక్కడి ఇనప్పెట్టెను దోచుకునే తాగుబోతు కథ. పిల్లలు ఒళ్ళో కూర్చుని బొమ్మలు అడుగుతుంటే బూతులు తిడతాడు. పిల్లల డిస్నీకి చెందిన గొడుగు కింద ఇలాంటిదా అని కొందరు మండిపడ్డారు. ఈబర్ట్ దీనికి మూడున్నర నక్షత్రాలిచ్చాడు! శాంటాగా వేసిన బిల్లీ బాబ్ థార్న్‌టన్ చివరిదాకా మంచివాడిగా మారినట్టు నటించడు. ముక్కు చీదుకుంటూ వెంటపడే బొద్దు పిల్లాడికి కూడా అతను నేర్పేది ఎదురుదెబ్బ కొట్టడమే. అలా మొండిగా నిలబడటమే చాలామందికి నచ్చింది.

మామూలుగా దర్శకుడి కట్ అంటే నిడివి పెరుగుతుంది. దర్శకుడు టెరీ జ్విగాఫ్‌ది మాత్రం హాల్లో ఆడినదానికన్నా చిన్నది, 88 నిమిషాలే. స్టూడియో చేర్పించిన తీపి ముక్కలు కొన్ని ఆయన అందులోంచి తీసేశాడు.

తిట్టినాయనే నటించాడు

1984 నవంబరులో 'సైలెంట్ నైట్, డెడ్లీ నైట్' వచ్చింది. ఇది కామెడీ కాదు, గొడ్డలి పట్టిన శాంటా హత్యల కథ. టీవీలో ప్రకటనలు చూసి పిల్లలు జడుసుకున్నారంటూ తల్లిదండ్రులు హాళ్ళ ముందు నిరసనకు దిగారు. టీవీ విమర్శకులు సిస్కెల్, ఈబర్ట్ సినిమా తీసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివి సిగ్గులేదా అన్నారు. కొద్దిరోజుల్లోనే సినిమాను వెనక్కి తీసుకున్నారు. పాతతరం మేటి నటుడు మికీ రూనీ కూడా నిరసన లేఖ రాశాడు.

1991లో అదే వరుసలో అయిదో భాగం వచ్చింది. అందులో బొమ్మల తయారీదారుగా నటించింది ఎవరనుకున్నారు? మికీ రూనీయే!

ఒకే చేత్తో రెండు క్రిస్మస్‌లు

1974లో 'బ్లాక్ క్రిస్మస్' తీసి అమ్మాయిల హాస్టల్లో హంతకుణ్ణి దించిన బాబ్ క్లార్క్, 1983లో 'ఎ క్రిస్మస్ స్టోరీ' తీశాడు. అందులో పిల్లాడు గాలి తుపాకీ కావాలంటాడు. అమ్మ, టీచరు, చివరికి శాంటా కూడా కన్ను పోగొట్టుకుంటావురా అంటారు. శాంటా అయితే మాట చెప్పి బూటుకాలితో జారుడుబల్ల మీంచి తోసేస్తాడు. అమెరికాలో ఓ కేబుల్ ఛానెల్ దీన్ని పండగకు 24 గంటలూ తిప్పి తిప్పి వేస్తుంది.

పాపాలు చేసిన ఫాదర్

1995 నాటి స్పానిష్ సినిమా 'ఎల్ దియా దె లా బెస్తియా'లో ఓ ఫాదరు బైబిలు లెక్కలు కట్టి, క్రిస్మస్ రాత్రి మాడ్రిడ్‌లో సైతాను బిడ్డ పుట్టబోతోందని తేలుస్తాడు. దాన్ని ఆపాలంటే సైతానును కలవాలి. కలవాలంటే చెడ్డవాడైపోవాలి. అందుకని పోయే ప్రాణం పక్కన కూర్చుని పర్సు కొట్టేస్తాడు, వీధిలో మూకాభినయం చేసేవాణ్ణి తోసేస్తాడు. దర్శకుడు అలెక్స్ దె లా ఇగ్లేసియా ఉత్తమ దర్శకుడు కాగా, సినిమాకు స్పెయిన్ జాతీయ చలనచిత్ర బహుమతులైన గోయాలు 6 దక్కాయి. పాత్రలు ప్రాణాలు అరచేత పట్టుకుని వేలాడే ష్వెప్స్ నియాన్ బోర్డు ఇప్పటికీ గ్రాన్ వియా వీధిలో వెలుగుతోంది.

ఊరిని తిడితే ఊరికే పేరు

2008లో వచ్చిన 'ఇన్ బ్రూజ్'లో ఇద్దరు ఐరిష్ కిరాయి హంతకులు క్రిస్మస్ రోజుల్లో బెల్జియంలోని బ్రూజ్ పట్నంలో దాక్కుంటారు. ఒకరికి ఆ ఊరు స్వర్గం, రెండోవాడికి నరకం. దర్శకుడు మార్టిన్ మెక్‌డోనా ఓసారి ఆ ఊరు వెళ్ళి ముందు మురిసిపోయి, తర్వాత విసిగిపోయాడు. తనలోని ఆ రెండు గొంతులనే రెండు పాత్రలు చేశాడు. షూటింగ్ 2007 ఫిబ్రవరిలో మొదలుకావడంతో పండగ అలంకరణలను ఊళ్ళో కొన్నిచోట్ల మార్చి నెలాఖరుదాకా అలాగే ఉంచారు.

కోలిన్ ఫారెల్ పాత్ర సినిమా పొడుగునా ఆ ఊరిని ఆడిపోసుకుంటుంది. అయినా చూసినవాళ్ళు ఆ ఊరే వెతుక్కుంటూ వెళుతున్నారు. గంటస్తంభం 366 మెట్లూ ఎక్కి దిగుతున్నారు. ఫారెల్‌కు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది.

తీసినవాళ్ళు ఒకటంటే, చూసినవాళ్ళు ఇంకోటన్నారు

2021లో వచ్చిన 'సైలెంట్ నైట్'లో కీరా నైట్లీ కుటుంబం స్నేహితుల్ని పండగ విందుకు పిలుస్తుంది. పాటలు, ఎత్తిపొడుపులు, వంటింట్లో కంగారు. తెల్లారేసరికి విషవాయువు మేఘం కమ్మేస్తుందని, బాధ లేకుండా పోవడానికి ప్రభుత్వం మాత్రలిచ్చిందని మెల్లగా తెలుస్తుంది. ఓ పిల్లాడు ఆ మాత్ర వేసుకోనంటాడు. ఆ పిల్లాడిగా వేసింది దర్శకురాలు కెమిల్ గ్రిఫిన్ కొడుకే.

కథ రాసింది కోవిడ్‌కు ముందు. చూసింది కోవిడ్ టీకాల కాలంలో. దాంతో ఇది టీకాలకు వ్యతిరేకంగా తీశారా అనే ప్రశ్న మొదలైంది. కాదు, వాతావరణ మార్పు గురించిన భయంతో రాశానని దర్శకురాలు చెప్పుకోవలసి వచ్చింది. సినిమా మారలేదు, చూసే కాలం మారింది.

జనం మార్కులు ఎవరు వేయిస్తారు?

అమెరికాలో విడుదలరోజు రాత్రి హాళ్ళలో ప్రేక్షకులకు చిన్న కార్డు ఇచ్చి గ్రేడు వేయించే సంస్థ సినిమాస్కోర్. ఎ ప్లస్ నుంచి ఎఫ్ దాకా మార్కులు. 'ది చీప్ డిటెక్టివ్' అనే కామెడీకి వెళ్ళి నిరాశపడ్డ ఎడ్ మింట్జ్, మామూలు ప్రేక్షకుడి మాట కూడా ఎవరో అడగాలి కదా అని 1970ల చివర్లో దీన్ని మొదలుపెట్టాడు. ఈ పద్ధతిలో డార్క్ కామెడీకి చిక్కు ఉంది. కార్డు నింపేది సినిమా అయిపోయిన అయిదు నిమిషాల్లో. ప్రకటన చూసి ఏదో ఊహించుకుని వచ్చినవాడి షాకు కూడా ఆ మార్కుల్లో కలిసిపోతుంది. ఈ జాతి సినిమాలకు అభిమానులు పుట్టేది తర్వాతి డిసెంబర్లలోనే.

సంక్రాంతికి వచ్చిన క్రిస్మస్

శ్రీరామ్ రాఘవన్ అంటే మనకు పరిచయమే. ఆయన 'అంధాధున్'నే నితిన్ 'మాస్ట్రో'గా చేశాడు. ఆయన తీసిన 'మెరీ క్రిస్మస్' విజయ్ సేతుపతి, కత్రినా కైఫ్‌లతో హిందీ, తమిళ భాషల్లో వేర్వేరు సహాయ నటులతో తయారైంది. ఆధారం ఫ్రెడెరిక్ దార్ అనే ఫ్రెంచి రచయిత నవల. బొంబాయి ఇంకా ముంబై కాని రోజుల్లో పండగముందు రాత్రి ఓ అపరిచితుడూ, కూతురితో ఉన్న ఓ తల్లీ, ఇంట్లో ఓ శవం. డిసెంబరు నుంచి జరిగి జరిగి 2024 జనవరి 12న విడుదలైంది. తెలుగు నేల మీద అదేరోజు 'గుంటూరు కారం', 'హను-మాన్' దిగాయి. నిదానంగా నడిచే ఈ నవ్వు ఆ సందడిలో ఎవరికి వినపడుతుంది? ఓటీటీలో చూసినవాళ్ళే దాని గురించి ఎక్కువ మాట్లాడుకున్నారు.

ఇంతకీ మీరేం చూస్తారు?

పాత సినిమాలంటే ఇష్టమైతే 'ది అపార్ట్‌మెంట్'తో మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దలకూ నచ్చుతుంది. సబ్‌టైటిళ్ళకు ఓపికుంటే 'ప్లాసిదో'. టీనేజీ పిల్లలుంటే 'గ్రెమ్లిన్స్' చూపించొచ్చు, మరీ చిన్నపిల్లలుంటే వంటింటి సీను గుర్తుపెట్టుకోండి. 'ట్రేడింగ్ ప్లేసెస్', 'ఇన్ బ్రూజ్' పెద్దలకే. 'బ్యాడ్ శాంటా' మాత్రం ఇంటిల్లిపాదీ పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. మొదటిసారి నచ్చకపోతే కంగారేం లేదు. ఈ సినిమాల్ని ఇష్టపడేవాళ్ళలో చాలామంది మొదట తిట్టుకున్నవాళ్ళే.